నుదుటి మీద పదకొండు పది

సువార్త బాధ ఒక్కటే. ఆమె చేసిన బెల్టు బాగుందని అందరూ అన్నారు. కాలేషా ఉస్తాద్ మాత్రం అనలేదు.

ఆయన అనకపోతే ఏం కొంప మునిగింది అని మీరు అడగొచ్చు. మా వైపు పన్నెండు గ్రానైటు క్వారీలున్నాయి. అక్కడ ఎవరి కాలో చెయ్యో రాయి కింద నలిగి నెత్తురు కారుతుంటే ముందుగా పట్టుకునేది ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఆయన పటాలంలో ఇరవై రెండేళ్ళు గాయాలకు కట్లు కట్టి వచ్చిన మనిషి. క్వారీల దారి మొదట్లో రేకుల షెడ్డు వేసుకుని, అడిగినవాళ్ళకల్లా నెత్తురు ఆపడం నేర్పేవాడు. నేను క్వారీల అంబులెన్సులో పనిచేస్తాను, నా పేరు జకరయ్య. నేనూ అక్కడే నేర్చుకున్నాను. సువార్త కూడా అక్కడే నేర్చుకుని, ఆ తర్వాత ఇంజనీరింగు చదివింది.

ఆమెకు పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న క్వారీలోనే పోయాడు. దెబ్బ పెద్దది కాదు. గుడ్డ కట్టినవాడికి ఎంత బిగించాలో తెలియలేదు. ఆసుపత్రి చేరేలోపు ఒంట్లో నెత్తురంతా ట్రాక్టరు తొట్టిలో ఉంది. ఆ బెల్టు సంగతి మాట్లాడేటప్పుడు ఆమె గొంతు ఎందుకు అలా ఉంటుందో మాకందరికీ తెలుసు.

ఉస్తాద్ నేర్పేది రెండే పనులు. గాయానికి పైన గుడ్డ చుట్టి, కర్ర దూర్చి, నెత్తురు ఆగేదాకా తిప్పడం ఒకటి. జేబులో నుంచి మార్కరు పెన్ను తీసి, కట్టిన టైము ఆ మనిషి నుదుటి మీద రాయడం రెండోది. కట్టు ఎక్కువసేపు బిగిసి ఉంటే దాని కింద కాలు చచ్చిపోతుంది. రెండు గంటలు దాటితే భయం మొదలైనట్టే. అందుకని ఎప్పుడు కట్టారో అవతల డాక్టరుకి తెలియాలి.

"చీటీ రాస్తే జారిపోద్ది. ఫోన్లో చెప్తే మర్చిపోతారు. మనిషి ఏడకి పోతే నుదురు ఆడకి వచ్చిద్ది" అనేవాడు. ఇంకొక నియమం కూడా ఉంది ఆయనకి. కట్టినవాళ్ళే రాయాలి.

ఆయన నోటి వెంట వచ్చే మాటలు అంతే. ఎవడైనా తప్పు కడితే తిట్టడు, చెప్పడు. ఏదో ఒక పని చేసి చూపించి ఊరుకుంటాడు. మనకు మనం కనుక్కుంటేనే ఒంటికి పడుతుందని ఆయన నమ్మకం. మేమూ అదేదో గొప్ప అనుకునేవాళ్ళం. బయటివాళ్ళ దగ్గర చెప్పుకునేవాళ్ళం కూడా.

సువార్త మొదటి బెల్టు తెచ్చినప్పుడు అదే జరిగింది. బెల్టుకి ఒక చిన్న తెర, లోపల సెన్సారు. పిడి తిప్పుతుంటే ఎర్ర లైటు, సరిపడా బిగిస్తే ఆకుపచ్చ లైటు. "ఇంక ఎవరూ ఊహించుకోనక్కర్లేదు ఉస్తాద్. లైటే చెబుతుంది" అంది.

ఉస్తాద్ బెల్టు తీసుకుని మూలనున్న సిమెంటు సంచీకి చుట్టి బిగించాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. సంచీకి నెత్తురు ఆగిందని బెల్టు చెబుతోందన్నమాట. మేం పకపకా నవ్వాం. ఆమె బెల్టు విప్పుకుని వెళ్ళిపోయింది. బస్సులో ఏడ్చానని తర్వాత ఎప్పుడో తనే చెప్పింది.

ఆరు నెలలకి మళ్ళీ వచ్చింది. ఈసారి బెల్టుతో పాటు ఒక చిన్న బిళ్ళ ఉంది. దాన్ని పాదానికో చేతివేలికో తగిలిస్తే అక్కడ నాడి కొడుతోందో లేదో చూస్తుంది. ముందు కొట్టి, తర్వాత నాడి ఆగితేనే ఆకుపచ్చ. ఆకుపచ్చ వెలిగిన దగ్గర్నుంచి తెర మీద నిమిషాలు లెక్క మొదలు. రెండు గంటలు కాగానే కూత పెడుతుంది. ఆమె రావడంతోనే దాన్ని సిమెంటు సంచీకి చుట్టింది. సంచీ మీద ఎర్ర లైటే వెలిగింది. సువార్త మొహం మాత్రం వెలిగిపోయింది.

ఉస్తాద్ చొక్కా చెయ్యి పైకి మడిచి, బిళ్ళ వేలికి తగిలించుకుని, బెల్టు తన జబ్బకే కట్టుకున్నాడు. బిగించాడు. ఆకుపచ్చ. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నిమిషాలు నడిచాయి. అప్పుడు పిడి కొంచెం వదులు చేశాడు. మళ్ళీ బిగించాడు. తెర వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

బెల్టు విప్పి ఇచ్చి, జేబులో ఉన్న మార్కరు పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది దగ్గరుంచుకో అమ్మాయ్."

"ఇంకా మొహం మీద రాతలెందుకు ఉస్తాద్, సంతలో గొడ్లకి నెంబరు వేసినట్టు? ఎన్ని నిమిషాలైందో బెల్టు మీదే ఉంటది గదా" అంది సువార్త.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తే. మంచి విద్యార్థిని చూసి మురిసిపోయే అయ్యవారి నవ్వు అది. బాగుందని మాత్రం అనలేదు. పెన్ను తన చేతిసంచీలో పడేసుకుని ఆమె వెళ్ళిపోయింది. ఉస్తాద్ ఆశీర్వాదం అట్టానే ఉంటదిలే అని నేను బస్సు దాకా సర్దిచెప్పి వచ్చాను.

ఎండలు ముదిరాక మూడు క్వారీల్లో ఆ బెల్టులు పెట్టారు.

తిరుపాలుకి దెబ్బ తగిలిన రోజు సువార్త ఆ క్వారీలోనే ఉంది, బెల్టులు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి వచ్చి. తిరుపాలు డ్రిల్లు పట్టే మనిషి. పదకొండుకి టీ సైరను మోగింది. టీ తాగి లేచి పనిలోకి దిగుతుండగా పైనున్న పలక జారింది. మోకాలి కింద ఎముక, కండ కలిసిపోయాయి. పక్కనున్న ఇంకొకతనికి చెయ్యి నలిగింది. సువార్త పరిగెత్తి తన చేత్తోనే తిరుపాలు తొడకి బెల్టు బిగించింది. ధారగా కారుతున్న నెత్తురు అక్కడికక్కడ ఆగిపోయింది. వాళ్ళ నాన్నకి జరగనిది ఆ మనిషికి జరిగింది. నేను అంబులెన్సుతో వెళ్ళేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. మొహంలో మాత్రం ఏదో పాత రుణం తీరిన నెమ్మది.

తిరుపాలుని ఎక్కించాం. అతని పెళ్ళాం అంకమ్మ కూడా ఆ క్వారీలోనే ముక్కరాయి ఏరుతుంది. ఆమె ఎక్కింది. చెయ్యి నలిగినతన్ని చూసుకుంటూ సువార్త అక్కడే ఆగింది. తలుపు వేస్తుంటే నా కన్ను తిరుపాలు నుదుటి మీద పడింది. ఏమీ లేదు.

"టైము రాయలేదేం సువార్తమ్మా?"

"బెల్టు మీదుంది జకరయ్యన్నా. పోనీయ్, పోనీయ్."

నా జేబులో కూడా మార్కరు ఉంది. తీసి రాయడానికి ఎంతసేపు? రాయలేదు. కట్టినవాళ్ళే రాయాలి కదా, నేను రాస్తే బాగుండదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, అంత పెద్ద చదువు చదివిన పిల్ల చేసిన వస్తువు ముందు నా పెన్ను తియ్యడానికి సిగ్గేసింది.

తాలూకా ఆసుపత్రిలో సెలైను పెట్టి, నొప్పికి సూది వేసి, మావల్ల కాదని చీటీ రాసి ఇచ్చేసరికి పన్నెండున్నర దాటింది. తిరుపాలు నిద్రలోకి జారిపోయాడు. మళ్ళీ నా బండిలోనే పెద్దాసుపత్రికి బయల్దేరాం. రోడ్డు వేస్తున్న చోట బండి ఎత్తి కుదేసింది. లైటు ఎర్రబడి, గాయం నుంచి నెత్తురు చెమ్మగిల్లింది. పిడి రెండు తిప్పులు తిప్పాను. ఆకుపచ్చ వెలిగింది. ఇంత సులువైపోయిందే మన పని అని సంతోషపడ్డాను కూడా. ఆకుపచ్చ చూశాను కానీ దాని పక్కనున్న అంకె చూడలేదు.

పెద్దాసుపత్రికి చేరేసరికి ఒంటిగంటా పావు. ఆ రోజే ఎక్కడో బస్సు తిరగబడి క్యాజువాలిటీలో నేల మీద కూడా మనుషులున్నారు. తిరుపాలుని స్ట్రెచరు మీదకి మార్చి, చీటీ ఇచ్చేశాను. ఈలోపు క్వారీ నుంచి ఫోను, రెండోవాడికి బండి కావాలని. నేను తిరిగి వెళ్ళిపోయాను.

డ్యూటీ డాక్టరు వచ్చి బెల్టు చూశాడు. ఆకుపచ్చ లైటు, ఇరవై రెండు నిమిషాలు. ఇంకా టైముంది, రెండు గంటలైతే అదే కూస్తుంది, ముందు వీళ్ళ సంగతి చూద్దాం అన్నాడట. తప్పు ఆయనదని నేననను. ఎదురుగా ఉన్న అంకెని నమ్మాడు. నేను అదీ చూడలేదు.

అంకమ్మ నర్సుకి చెప్పింది. స్ట్రెచరు తోసే అతనికి చెప్పింది. డాక్టరు చొక్కా పట్టుకున్నంత పని చేసి ఆయనకీ చెప్పింది. టీ తాగి లేచాం సారూ, పదకొండు పదికి కట్టారు సారూ అని. బెల్టు మీద టైముందమ్మా, నువ్వు పక్కకి జరుగు అన్నారు. గ్రానైటు దుమ్ముతో తల నెరిసినట్టున్న ఆడమనిషి మాట కంటే మెరిసే అంకె నమ్మకంగా ఉంది అందరికీ.

మూడు దాకా ఎవరూ కట్టు ముట్టుకోలేదు. మూడుంపావుకి బల్ల మీద విప్పారు. కాలు తొడ సగానికి తీసేశారు. రెండు గంటలు ముందు విప్పి ఉంటే కాలు దక్కేదని ఆ డాక్టరే నాతో అన్నాడు, మూడోరోజు, నా మొహం చూడకుండా.

ఇటు మా దగ్గర మాత్రం పండగ. బెల్టు ప్రాణం కాపాడిందని పేపర్లో వేశారు. యజమానులంతా కలిసి శుక్రవారం సువార్తకి శాలువా కప్పాలని అనుకున్నారు. బెల్టు లేకపోతే తిరుపాలు క్వారీ గుంటలోనే పోయేవాడు, అదీ అబద్ధం కాదు. అబద్ధమైతే దులిపేసుకుని పోయేవాళ్ళం.

ఆ తర్వాతి పదిహేను రోజుల్లో సువార్త రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళింది. మొదటిసారి పళ్ళు తీసుకుని వెళ్ళింది. అంకమ్మ ఏం జరిగిందో చెప్పింది. రెండోసారి వెళ్ళి ఆ బెల్టు అడిగి తెచ్చుకుంది.

గురువారం పొద్దున ఆమె షెడ్డుకి వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. ల్యాప్‌టాపు తెచ్చి ఆ సిమెంటు సంచీ మీదే పెట్టింది.

"బెల్టు అన్నీ రాసుకుంటది ఉస్తాద్. పదకొండు పదికి నేను బిగించా. పన్నెండు యాభై నాలుక్కి వదులైంది. యాభై అయిదుకి మళ్ళీ బిగించారు. ఆడ నుంచి సున్నా."

"బిగించింది నేనే" అన్నాను. ఆమె నావైపు తిరగలేదు.

"వదులైతే లెక్క మళ్ళీ మొదట్నుంచి పెట్టేటట్టు చేసింది నేను. నెత్తురు మళ్ళీ అందింది గదా అనుకున్నా. అర నిమిషం వదులైతే ఏం అందిద్ది కాలికి, నా మొహం."

ఉస్తాద్ గోడవారగా బాసింపట్లు వేసుకుని కూర్చుని వింటున్నాడు. ఆమె తెర మీద ఇంకా వెనక్కి జరిపింది.

"ఇంకోటి ఉంది దీంట్లో. ఆరోజు మీకు చూపించింది ఈ బెల్టునే. మార్చి తొమ్మిదో తారీకు. ఈ షెడ్డు. మీ చెయ్యి. బిగించారు. నాలుగు నిమిషాల తర్వాత వదులు చేశారు. మళ్ళీ బిగించారు. సున్నా."

"అవును" అన్నాడు ఉస్తాద్.

"చూశారా మీరు?"

"చూశా."

దూరంగా క్వారీలో రాయి కోసే మిషను కీచుమంటోంది. అది ఆగేదాకా ఆమె ఆగింది.

"నోరు తెరిచి ఒక్క మాట చెప్తే ఏం పొయ్యేది ఉస్తాద్?"

ఆయన్ని అలా అడిగినవాళ్ళు ఆ షెడ్డులో అంతకు ముందు లేరు. నేను లేచి నిలబడ్డాను, ఎందుకో నాకే తెలియదు. ఆయనకి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

"సంచీ అప్పుడు నీయంతట నువ్వే కనుక్కున్నావు. ఇదీ కనుక్కుంటావనుకున్నా. అందుకే గదా పెన్ను ఇచ్చింది."

"నేను కనుక్కునేదాకా తిరుపాలు కాలు ఆగాలా?"

ఉస్తాద్ తల దించుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఎన్ని వందల కట్లు కట్టిన చేతులో. ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు. మేం ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకున్న ఆ మౌనం ఆ రోజు నాకు వినడానికి భయమేసింది.

కాసేపటికి లేచి, గాయపడ్డవాళ్ళని కూర్చోబెట్టే పీట లాక్కుని దాని మీద కూర్చున్నాడు. తల మీది టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పెన్ను ఉందా?"

సువార్త తన చేతిసంచీ అడుగు నుంచి తీసింది. ఆయన ఇచ్చిన మార్కరే. మూత కూడా ఎప్పుడూ తియ్యలేదు.

"రాయి."

"ఏం రాయాలి?"

"టైము."

"మీ నుదుటి మీదా? నేనా? నావల్ల కాదు ఉస్తాద్. మీరే రాసుకోండి."

"కట్టినవాళ్ళే రాయాలి."

ఆమె వంగింది. ఒక చేత్తో ఆయన తల పట్టుకుని, రెండో చేత్తో రాసింది. నమాజు మచ్చ మీద ఒక అంకె వంకర పోయింది. అయినా స్పష్టంగానే ఉంది. పదకొండు పది. ఏడుస్తూనే పెన్నుకి మూత పెట్టింది.

ఉస్తాద్ అద్దం అడగలేదు. చెప్పులేసుకుని ఎండలోకి నడిచాడు. మేమిద్దరం వెనక నడిచాం. క్వారీ కూలీల ఇళ్ళు రెండు కిలోమీటర్లు. దారిలో టిప్పర్లు ఆపి సలాం పెట్టేవాళ్ళు ఆయన మొహం చూసి చెయ్యి దించేశారు. బండెక్కమని అడిగినవాళ్ళకి వద్దని తల ఊపాడు. చెమట పట్టినా నుదురు తుడుచుకోలేదు.

తిరుపాలు గుమ్మం లోపల నులక మంచం మీద ఉన్నాడు. దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఇంకోవైపు చదునుగా ఉంది. మమ్మల్ని చూసి, సువార్తకి నమస్కారం పెట్టబోయాడు. ఆమె తల తిప్పుకుంది.

అంకమ్మ చేటలో బియ్యం బాగుచేస్తోంది. చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. నాలుగో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఉస్తాద్ మొహం వంక చూసి, పెదాలు కదుపుతూ ఒక్కొక్క అంకే చదివింది.

"పదకొండు పది" అంది. "అదేనయ్యా. అదే టైము. నేను చెప్పా గదయ్యా వాళ్ళకి. ఒక్కొక్కళ్ళ దగ్గరికీ పొయ్యి చెప్పా."

ఉస్తాద్ గుమ్మం దాటలేదు. చెప్పులు విడిచి, కాలే నేల మీద ఉత్త కాళ్ళతో నిలబడ్డాడు.

"నువ్వు చెప్పావు తల్లీ" అన్నాడు. "నేను చెప్పలా."